నెహ్రూని మించిన ఓట్లు సరే, నల్గొండలో 1996 సంగతి తెలుసా?

అడిగిన ప్రశ్న: "నల్గొండ పార్లమెంటు స్థానంలో ఒకాయనకు నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయంటారు, నిజమేనా? ఆ నియోజకవర్గం ఎన్నికల చరిత్రలో ఇంకేమైనా విశేషం ఉందా?"

నిజమే. 1952లో రావి నారాయణరెడ్డి గారికి 3,09,162 ఓట్లు వచ్చాయి, నెహ్రూ గారికి 2,33,571. ఈ ముక్క చెప్పని యూట్యూబ్ ఛానెల్ లేదు. దాని కింద కామెంట్లలో ఒక మేధావి కూడా తప్పకుండా దిగుతాడు: "అది ఇద్దరు సభ్యుల స్థానం, ఒక్కో ఓటరుకు రెండు ఓట్లు, అందుకే అన్ని పడ్డాయి" అని. అయ్యా, నెహ్రూ నిలబడ్డ అలహాబాద్ స్థానం కూడా ఇద్దరు సభ్యులదే. అక్కడ ఆయనతో పాటు మసూరియా దీన్ గెలిచాడు, ఇక్కడ రావి నారాయణరెడ్డితో పాటు సుంకం అచ్చాలు గెలిచాడు. లెక్క లెక్కకు సరిపోయింది. పైగా హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద అప్పుడు నిషేధం ఉంది కాబట్టి వీళ్లు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో పోటీ చేశారు. సాయుధ పోరాటం విరమించి అప్పటికి కొన్ని నెలలే. ఆ నేపథ్యంలో వచ్చిన ఓట్లవి.

అయితే నన్నడిగితే నల్గొండ ఎన్నికల చరిత్రలో అసలు సంవత్సరం 1952 కాదు, 1996. ఆ ఏడాది ఒక్క ఎంపీ సీటుకు 480 మంది అభ్యర్థులు పోటీ చేశారు. ఆ ఎన్నికలో డ్యూటీ చేసినవాణ్ణి కాబట్టి కాస్త వివరంగా చెబుతాను, ఓపిక పట్టండి.

నేను అప్పుడు మిర్యాలగూడ వైపు ఒక హైస్కూల్లో టీచర్ని. మాది సాగర్ ఎడమ కాలువ కింద ఆయకట్టు. నీళ్లకు కరువన్నది మాకు తెలియదు. అదే జిల్లాలో మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్. పిల్లల పళ్లు గారపట్టి పచ్చగా, పెద్దవాళ్ల నడుములు వంగిపోయి ఉండేవి. సాగర్ డ్యామ్ ఉన్న జిల్లాలోనే తాగునీళ్లు లేవు! ఇంకో విచిత్రం ఏమిటంటే, పటిక, సున్నం వేసి నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి "నల్గొండ టెక్నిక్" అని మా జిల్లా పేరే పెట్టారు. ఆఫ్రికా దేశాల్లో కూడా దాన్ని వాడి చూశారు. పేరు మాత్రం ఖండాలు దాటింది, నీళ్లు మండలం దాటి రాలేదు.

కృష్ణా నీళ్ల కోసం ఏళ్ల తరబడి ధర్నాలు చేసి విసిగిపోయిన జల సాధన సమితి వాళ్లు, దుశ్చర్ల సత్యనారాయణ గారి ఆధ్వర్యంలో, 1996లో మూకుమ్మడిగా నామినేషన్లు వేయించారు. డిపాజిట్ అప్పట్లో 500 రూపాయలే. అంతమంది పేర్లతో బ్యాలెట్ అచ్చు వేయడం కుదరక పోలింగ్ నెల రోజులు వాయిదా పడింది. మా మిర్యాలగూడ స్థానానికి పోలింగ్ మామూలు తేదీకే అయిపోయింది. హమ్మయ్య అనుకుని ఊరెళ్లి కూర్చుంటే, నల్గొండ పోలింగ్‌కు మళ్లీ డ్యూటీ వేశారు. వేసవి సెలవుల్లో రెండుసార్లు ఎన్నికల డ్యూటీ! టీచర్ అంటే ఎవరికైనా లోకువే. జనాభా లెక్కలు, ఓటర్ల జాబితా, పోలింగ్, అన్నీ మేమే చేయాలి, మళ్లీ పదో తరగతి రిజల్ట్స్ తగ్గితే మెమో మాకే.

సామగ్రి పంచే చోట బ్యాలెట్ చేతికి వచ్చినప్పుడు మా ప్రిసైడింగ్ ఆఫీసరు, ఆయన ఇంకో స్కూల్లో హెడ్‌మాస్టర్, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. అది కాగితం కాదు, పుస్తకం. పేజీ తిప్పితే పేర్లు, గుర్తులు, ఇంకో పేజీ తిప్పితే మళ్లీ పేర్లు, గుర్తులు.

మాకు పడిన ఊరు మునుగోడు వైపే. బూత్ బడిలో పెట్టారు. కుండలో నీళ్లు ముంచుకోబోతే అక్కడి మనిషి ఒకతను చెయ్యి పట్టుకున్నాడు. "సారూ, అవి మీరు తాగకుండ్రి. మీకోసం వేరే తెప్పిచ్చిన" అని క్యాన్ చూపించాడు. వాళ్లు మాత్రం ఆ కుండలోవే తాగారు. ఆ రోజు ఆ క్యాన్ నీళ్లు నాకు గొంతు దిగలేదు.

పొద్దున్నే క్యూ కట్టారు. నడుము పూర్తిగా వంగిపోయిన ఒక ముసలమ్మ నేలను చూస్తూ నడుచుకుంటూ వచ్చింది. బ్యాలెట్ ఇస్తే అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేంది సారూ, చీటి ఇస్తరనుకుంటే బుక్కు ఇస్తుర్రు. కంకి కొడవలి యాడుందో సూపియ్యి బిడ్డా" అంది. మేం చూపించకూడదు. ఏజెంట్లేమో ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. అప్పట్లో పార్టీ వాళ్లు ముందు, స్వతంత్రులు తర్వాత అనే వరస కూడా లేదు. అందరినీ కలిపి అక్షర క్రమంలో వేసేవారు. అంత గుంపులో సీపీఐ ధర్మభిక్షం గారి పేరు ఎక్కడో లోపల ఉంది. చివరికి ఆమె మనవణ్ణి తోడు పంపించాం. ముద్ర కొట్టాక ఇంకో తంటా. సిరా ఆరకముందే పుస్తకం మూస్తే ఎదురు పేజీలో ఇంకెవరి గుర్తుకో అంటుకుంటుంది. హెడ్‌మాస్టర్ గారు మధ్యాహ్నం దాకా "ఊదండి, ఊది మూయండి" అని అరుస్తూనే ఉన్నాడు.

ఒక్కొక్కరికి అయిదారు నిమిషాలు పట్టింది. సమయం అయిపోయేసరికి బయట ఇంకా బారెడు క్యూ ఉంది. చివర నిలబడ్డవాడి నుంచి మొదలుపెట్టి చీటీలు ఇచ్చుకుంటూ వచ్చి, లాంతరు వెలుగులో పోలింగ్ పూర్తి చేశాం. లెక్కింపు డ్యూటీ నాకు పడలేదు, బతికిపోయాను.

మధ్యాహ్నం ఒకతను వచ్చాడు. నలభై ఏళ్లుంటాయేమో, మోకాళ్లు వంగవు. అతనే స్వయంగా అభ్యర్థి. లోపలికి వెళ్లి ఎంతకీ రాడు. వచ్చాక బయట చెట్టు కింద కూర్చుంటే నేనే పలకరించాను, మీ పేరు దొరికిందా అని. "దొరికింది సారూ, మస్తు సేపు దేవులాడిన. సూస్కొని కుశాలయింది. గని ఓటు ధర్మభిక్షానికే ఏసిన. నామినేషను నీళ్ల కోసం, ఓటు పార్టీకి. రెండూ ఒకటెట్లయితయి?" అన్నాడు.

ధర్మభిక్షం గారే గెలిచారు, అది వరసగా రెండోసారి. 480 మందిలో 477 మందికి డిపాజిట్ పోయింది. అదే ఏడాది తమిళనాడులోని మొడకురిచ్చి అసెంబ్లీ సీటుకు వెయ్యిమందికి పైగా, కర్ణాటకలోని బెల్గాం ఎంపీ సీటుకు నాలుగు వందలకు పైగా నిలబడ్డారు. సర్కారుకు దీంతో అర్థమైంది ఏమిటయ్యా అంటే, డిపాజిట్ తక్కువగా ఉందని! అదే ఏడాది చట్టం మార్చి 500ను ఒకేసారి 10,000 చేశారు. స్వతంత్రులకు పదిమంది ప్రతిపాదకులు కావాలన్నారు. జనం నీళ్లు అడిగితే రేటు పెంచారన్నమాట. ఇప్పుడు 25,000. అయినా ఆగిందా? 2019లో నిజామాబాద్‌లో పసుపు, ఎర్రజొన్న రైతులు అంత డబ్బూ కట్టి నిలబడితే మొత్తం 185 మంది అయ్యారు. నా లెక్కలో ఆ తర్వాత మునుగోడు వైపు వచ్చిన ప్రతి బిందె నీళ్లలో ఈ 477 మందికి వాటా ఉంది. గెలిచినవాళ్లకు అంత వాటా లేదు. రుజువులు అడక్కండి, నేను చూసినవాణ్ణి.

ఇక ప్రశ్నలో మిగిలింది. "కమ్యూనిస్టుల కంచుకోట" అని రాసే పత్రికలవాళ్లు ఆ అచ్చు మార్చుకుంటే మంచిది. 1971లో తెలంగాణ ప్రజా సమితి గెలిచింది, 1984లో టీడీపీ, మధ్యలో చాలాసార్లు కాంగ్రెస్. సీపీఐకి ఆఖరి గెలుపు 2004లో సురవరం సుధాకర్‌రెడ్డి గారిది. 2009 నుంచి కాంగ్రెస్‌దే. 2024లో రఘువీర్‌రెడ్డికి 5 లక్షల 59 వేలకు పైగా మెజారిటీ వచ్చింది. ఇంకోటి, నియోజకవర్గాల పునర్విభజనలో మిర్యాలగూడ ఎంపీ సీటు రద్దయి మా ఊరు నల్గొండలో కలిసింది, మునుగోడు భువనగిరికి పోయింది. అంటే ఆనాటి ఫ్లోరైడ్ ఊళ్లు ఇప్పుడు నల్గొండ స్థానంలో లేవు, కాలువ నీళ్లు తాగిన నేను ఉన్నాను.

ఆ అభ్యర్థి ఓ నాలుగేళ్ల తర్వాత నల్గొండ బస్టాండులో కనిపించాడు. నన్ను గుర్తుపట్టి దగ్గరకొచ్చాడు. "సారూ, నాకు రెండొందల చిల్లర ఓట్లు పడ్డయంట" అన్నాడు. పడవా మరి అన్నాను. "నేను ఏసుకోలే. మా ఇంటామెను అడిగితే ఆమె కూడ ఏయలేదంట. అండ్లెన్ని నాకే ఏసిండ్రో, ఎన్ని సిరా అంటుకొని పడ్డయో" అని నవ్వి దేవరకొండ బస్సు ఎక్కాడు.