విండ్‌షీల్డ్ మీదుగా చూడాలి, లోంచి కాదు

బుజ్జీ,

మామయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. హైవే మీద బైకు రెండు గంటలు నడిపేసరికి మెడ, భుజాలు పట్టేస్తున్నాయని, విండ్‌షీల్డ్ పెట్టిద్దామనుకుంటున్నానని రాశావు. నాలుగు ఫొటోలు పంపి ఏది మంచిదో చెప్పమన్నావు. నాలుగూ చూడ్డానికి బాగానే ఉన్నాయి. కానీ వాటిని చూసి నేనేమీ చెప్పలేను, ఎందుకంటే ఆ ఫొటోల్లో నువ్వు లేవు. విండ్‌షీల్డ్ బండికి నప్పితే సరిపోదమ్మా, బండి మీద కూర్చున్న మనిషికి సరిపోవాలి. ఒకే బండి, ఒకే విండ్‌షీల్డ్ అయినా నాలుగంగుళాల ఎత్తు తేడా ఉన్న ఇద్దరిలో ఒకరికి హాయిగా ఉంటుంది, ఇంకొకరికి తలనొప్పి తెస్తుంది.

నీ మెడ నొప్పికి కారణం నువ్వు కూర్చునే తీరులోనే ఉంది. నీ బండి లాంటి క్రూజర్ బైకు మీద కాళ్లు ముందుకు చాపి, వీపు నిటారుగా పెట్టి, చేతులు చాచి కూర్చుంటాం. ఛాతీ మొత్తం తెరచాపలా గాలికి ఎదురు నిలుస్తుంది. ఆ తోపుడును ఆపేది చేతులు, మెడ. వేగం పెరిగితే గాలి బలం అంతే లెక్కన పెరగదు, వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న బలం 90కి వచ్చేసరికి రెండుంపావు రెట్లు, 120కి నాలుగు రెట్లు. ఊళ్లో తిరిగేటప్పుడు తెలియని నొప్పి హైవే ఎక్కగానే మొదలయ్యేది అందుకే.

ఇక అసలు విషయం, ఎత్తు. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఓపికగా చదువు.

నేను మొదట పెట్టించింది చాలా ఎత్తయినది. ఎంత ఎత్తయితే అంత రక్షణ అనుకున్నాను. అంచు నా కళ్ల కంటే అరచెయ్యంత పైకి ఉండేది. పగలు, పొడి రోడ్డు మీద ఏ ఇబ్బందీ తెలియలేదు. ఒక రాత్రి వాన పట్టుకుంది. విండ్‌షీల్డ్‌కి వైపర్ ఉండదు కదా, చుక్కలు జారకుండా అలాగే నిలబడ్డాయి. లోపలి వైపు ఆవిరి పట్టింది. ఎదురుగా లారీ వచ్చిందంటే ఒక్కో చుక్కలో ఒక్కో హెడ్‌లైట్ వెలిగేది. రోడ్డు అంచు ఎక్కడో, గుంత ఎక్కడో తెలియలేదు. తల పైకెత్తి చూద్దామంటే అంచు అందలేదు, పక్కకి వంగి చూద్దామంటే బండి వంగుతోంది. పది కిలోమీటర్లు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నడిపి, ఒక షెడ్డు కనబడితే కింద ఆపి తెల్లారేదాకా కూర్చున్నాను. నువ్వు ఆ పరిస్థితిలో ఉండకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

కాబట్టి ఈ ఒక్కటి గట్టిగా పట్టుకో. నువ్వు విండ్‌షీల్డ్ మీదుగా రోడ్డు చూడాలి, దాని లోంచి కాదు. దాని పై అంచు నీ ముక్కు కొనకి, పై పెదవికి మధ్య ఎక్కడో ఉండాలి. అంత కిందుంటే గాలి మొహానికి కొట్టదా అంటావేమో. అంచు దాటిన గాలి వెంటనే వెనక్కి వాలిపోదు, కాస్త పైకి ఎగిరి హెల్మెట్ మీదుగా పోతుంది. ప్లాస్టిక్ ఆగిన చోటుకి పైన ఇంకొంత మేర గాలే అడ్డుగోడలా పనిచేస్తుందన్నమాట.

కొలత ఇలా తీసుకో. నువ్వు రోజూ వేసుకునే హెల్మెట్, షూ, జాకెట్ వేసుకుని బండి ఎక్కు. స్టాండు తీసి బండి నిటారుగా నిలబెట్టు, ఎవరినైనా వెనక నుంచి పట్టుకోమను. అద్దంలో చూసుకుంటున్నట్టు బిగుసుకుని కూర్చోకు, గంట సేపు నడిపాక ఎలా జారగిలబడతావో అలాగే కూర్చో. ఇంకొకరు హెడ్‌లైట్ పైభాగం నుంచి నీ ముక్కు కొన మట్టానికి టేపుతో నిలువుగా కొలవాలి. తర్వాత ఒక అట్టముక్క ఆ ఎత్తుకి కత్తిరించి, విండ్‌షీల్డ్ వచ్చే చోట అంతే వాలుగా పట్టుకోమను. అట్ట అంచు మీదుగా చూస్తే సుమారు పది, పదిహేను మీటర్ల అవతలి నుంచి రోడ్డు కనబడాలి. మరీ దూరం పోతే అట్ట ఎక్కువైనట్టు. రెండు సైజుల మధ్య ఊగిసలాట వస్తే ఎత్తయినదే తీసుకో. పనితనం తెలిసినవాడి చేత పై నుంచి కోయించుకోవచ్చు, అంచుని నున్నగా రుద్దించుకోవచ్చు. పొట్టిదాన్ని మాత్రం పొడుగు చెయ్యలేం.

సరైన ఎత్తే పెట్టినా కొందరికి హెల్మెట్ దడదడా కొట్టుకుంటుంది, కంటిముందు అక్షరాలు ఊగుతాయి. విండ్‌షీల్డ్ లేనప్పుడే నయం అనిపిస్తుంది. అందులో నిజం ఉంది. నేరుగా వచ్చే గాలి బలంగా ఉన్నా ఒకే తీరుగా తోస్తుంది, సుడి తిరిగిన గాలి కొట్టి వదిలి కొట్టి వదిలి చంపుతుంది. విండ్‌షీల్డ్ వెనక గాలి ఒత్తిడి తగ్గిపోయి, ఆ ఖాళీలోకి పై నుంచి, పక్కల నుంచి, కింద నుంచి బయటి గాలి దూరడం వల్ల ఆ సుడి పుడుతుంది. చాలామంది వెంటనే ఇంకా ఎత్తయినది కొంటారు. తొందరపడకు. ఖాళీగా ఉన్న తిన్నని రోడ్డు మీద, మామూలు వేగంలో, ఒకసారి వెన్ను బాగా సాచి రెండంగుళాలు పైకి కూర్చో, ఇంకోసారి కాస్త కిందికి జారి కూర్చో. కిందికి జారినప్పుడు గోల తగ్గితే విండ్‌షీల్డ్ పొట్టి. పైకి లేచినప్పుడు తగ్గితే ఎత్తు ఎక్కువ. ఎలా కూర్చున్నా తేడా లేకపోతే గాలి పై నుంచి కాదు, హెడ్‌లైట్ కింద ఫోర్కుల (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాల) మధ్య సందులోంచి వచ్చి ట్యాంకు మీదుగా గడ్డం కిందికి కొడుతోందని అర్థం. దానికి మందు ఎత్తు పెంచడం కాదు, ఆ సందుని మూసే చిన్న పలకలు, వాటినే లోయర్లు అంటారు. కొన్ని మోడళ్లకి కింది భాగంలో చిన్న గాలి కన్నం ఇస్తారు, అందులోంచి కొంచెం గాలి లోపలికి వచ్చి వెనకున్న ఖాళీని నింపుతుంది. నీకు దొరికితే అలాంటిదే చూడు.

వాలు మార్చినా చాలా మారుతుంది. వెనక్కి వాల్చేకొద్దీ అంచు కిందికి దిగుతుంది. ఒకేసారి ఎక్కువ తిప్పకుండా, పాత చోట టేపు ముక్క అంటించి గుర్తు పెట్టుకుని, కొంచెం కొంచెంగా మార్చి నడిపి చూడు.

బిగించే పద్ధతులు రెండున్నాయి, హ్యాండిల్‌బార్‌కి పట్టేవి, ఫోర్కులకి పట్టేవి. నాకు ఫోర్కులకి పట్టి, తాళంలా ఒక్క లాగుతో ఊడొచ్చేవి ఇష్టం. కొనేముందు హ్యాండిల్‌బార్, ఫోర్కు మందం వెర్నియర్ కాలిపర్‌తో కొలిపించు. హ్యాండిల్‌బార్‌లు 22, 25.4, 32 మిల్లీమీటర్లలో వస్తాయి, క్లాంపు ఒక్క మిల్లీమీటరు తేడా ఉన్నా జారుతుంది. బిగించాక హ్యాండిల్‌ని ఎడమకి పూర్తిగా, కుడికి పూర్తిగా తిప్పి చూడు. ట్యాంకుకి తగలకూడదు, క్లచ్ కేబుల్ గానీ బ్రేకు గొట్టం గానీ నలగకూడదు. ఇది చూడకుండా రోడ్డెక్కకు.

పక్కగాలి సంగతి కూడా చెప్పాలి. విండ్‌షీల్డ్ స్టీరింగుతో పాటే తిరుగుతుంది కనుక పక్క నుంచి గాలి తోస్తే నేరుగా హ్యాండిల్‌కే తెలుస్తుంది. పెద్ద లారీని దాటేటప్పుడు, వంతెన మీదికి రాగానే ఒక్క తోపు వస్తుంది. హ్యాండిల్‌ని బిగబట్టకు, వదులుగా పట్టుకుని బండిని దాని దారిన పోనీ. వెనక సామాను బరువు ఎక్కువేస్తే ముందు చక్రం తేలికై ఊపు ఇంకా పెరుగుతుంది. కొత్తగా పెట్టించిన వారం రోజులు వేగం మెల్లగా పెంచుకుంటూ పో.

పదార్థం విషయంలో పాలీకార్బొనేటే తీసుకో, పైన గట్టి పూత ఉన్నది. అపోలో వ్యోమగాముల హెల్మెట్ బుడగలు చేసింది దానితోనే. రాయి తగిలితే పగిలి ముక్కలవ్వదు. యాక్రిలిక్ ఇంకా తేటగా ఉంటుంది, ఎండకి అంత తొందరగా పసుపెక్కదు, కానీ దెబ్బ తగిలితే చిట్లుతుంది. రంగు గురించి అడిగావు. ఎంత పొట్టిగా కొన్నా ఎప్పుడో ఒకప్పుడు లోంచి చూడాల్సి వస్తుంది, రంగు లేని, తేటగా కనబడేదే తీసుకో.

పాలీకార్బొనేట్‌కి రెండు బలహీనతలు. ఒకటి గీతలు, రెండు రసాయనాలు. నాది ఒకటి ఎలా పోయిందో చెప్తాను. బోల్టు వదులవుతోందని థ్రెడ్ లాకర్ (మరలు కదలకుండా పట్టే జిగురు) రాసి, చేతికి ఎంత బలం ఉంటే అంత బిగించాను. నెల తిరక్కుండా బోల్టు కన్నం పక్కన వెంట్రుకంత తెల్లని గీత కనిపించింది. వేలు పెడితే తగల్లేదు, ఎండలో వంచి చూస్తే మెరిసింది. తర్వాతి వారానికి అది చిటికెన వేలంత అయింది, దాని పక్కన ఇంకో రెండు లేచాయి. థ్రెడ్ లాకర్ ఆ ప్లాస్టిక్‌ని తినేస్తుందని తర్వాత తెలిసింది. కన్నంలో గ్రామెట్ అనే రబ్బరు రింగు, బోల్టు తల కింద నైలాన్ వాషరు ఉండాలి. గ్రామెట్ కొంచెం నొక్కుకునేదాకా బిగిస్తే చాలు. మొదటి వంద కిలోమీటర్లు నడిపాక మళ్లీ ఒకసారి చూసుకో.

కడిగేటప్పుడు కూడా అంతే జాగ్రత్త. అమ్మోనియా ఉన్న గాజు క్లీనర్లు వద్దు, పెట్రోలు గుడ్డ వద్దే వద్దు. ఎండిపోయిన పురుగుల్ని గోకకు. తడి తువ్వాలు దాని మీద పరిచి పావుగంట వదిలెయ్యి, అవే మెత్తబడి ఊడొస్తాయి. ఆ తర్వాత బోలెడు నీళ్లు పోసి, తేలికపాటి సబ్బు నీటితో మెత్తటి గుడ్డ పెట్టి పైనుంచి కిందికి తుడువు. పొడిగుడ్డతో దుమ్ము తుడిస్తే ఆ దుమ్మే గీతలు పెడుతుంది.

మంచి ఎండల్లో దాన్ని ఊడదీసి పెట్టెయ్యి. గాలి తగలకపోతే ఇంజిన్ వేడి తొడల మీదికే వస్తుంది, చెమట ఆరదు, గంటలో నీరసం వస్తుంది. నేను ఒక్క లాగుతో ఊడేది తీసుకోమన్నది ఇందుకు కూడా. ఇంకో మాట, విండ్‌షీల్డ్ ఉంది కదా అని హెల్మెట్ అద్దం ఎత్తి నడపకు. అంచు మీదుగా వచ్చే పురుగూ రాయీ నేరుగా కంటికే వస్తాయి.

ఆదివారం మీ తమ్ముణ్ణి బండి పట్టుకోమని కొలతలు తీయి. హెడ్‌లైట్ నుంచి ముక్కు కొన దాకా ఎంతో, హ్యాండిల్‌బార్ మందం ఎంతో, ఈ రెండూ రాసి పంపు. అప్పుడు ఆ నాలుగు ఫొటోలు మళ్లీ ముందు పెట్టుకుని చూస్తాను.

మీ మామయ్య