టెక్ సందేహాలు: కెర్నల్ లోపలి సంగతులు ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?

ప్రశ్న: మంగళగిరిలో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో నాలుగేళ్లుగా జావాలో పనిచేస్తున్నాను. చదివింది మెకానికల్ ఇంజినీరింగ్. మా సర్వీసు నడిచే కంటెయినర్ (ప్రోగ్రామును మిగతావాటి నుంచి వేరుగా ఉంచి నడిపే పెట్టె లాంటిది) అప్పుడప్పుడు 137 అనే సంఖ్య చూపించి ఆగిపోతోంది. జావా లాగ్‌లో ఏ తప్పూ కనిపించదు. ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి సంగతులు చదువుకొమ్మని తోటి ఇంజినీర్లు సలహా ఇచ్చారు. ఒకరు సిల్బర్‌షాట్జ్ పుస్తకం అన్నారు, ఇంకొకరు నేరుగా లినక్స్ కెర్నల్ పుస్తకమే పట్టుకోమన్నారు, మరొకరు ఎంఐటీ వాళ్లు బోధన కోసం రాసిన చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్స్‌వీ6 చదవమన్నారు. ఏది ముందు చదవాలి?
– ఒక పాఠకుడు, మంగళగిరి

జవాబు: ముందు 137 సంగతి చూద్దాం, పుస్తకాల దారి అందులోనే దొరుకుతుంది. ఒక ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాము) తనకు అందిన ఏదైనా సిగ్నల్ (సూచన) వల్ల ఆగిపోతే, ఆ సిగ్నల్ సంఖ్యకు 128 కలిపి చూపించడం యూనిక్స్ షెల్‌ల నుంచి వచ్చిన పద్ధతి. 137లోంచి 128 తీసేస్తే 9. అది సిగ్‌కిల్, అంటే ప్రాసెస్‌ను అక్కడికక్కడే చంపే సిగ్నల్. దాన్ని ఏ ప్రోగ్రామూ పట్టుకోలేదు, వాయిదా వేయలేదు. అందుకే మీ జావా ప్రోగ్రాముకు లాగ్‌లో ఒక్క వాక్యం రాసుకునే అవకాశం కూడా దక్కలేదు.

దాన్ని పంపింది చాలావరకు కెర్నలే, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండె లాంటి భాగమే, అయి ఉంటుంది. కంటెయినర్‌కు కేటాయించిన మెమరీ నిండిపోయి, ఖాళీ చేయడానికి ఇంకేమీ దొరకనప్పుడు లినక్స్ అందులోని ఒక ప్రాసెస్‌ను ఎంచుకుని చంపేస్తుంది. కంటెయినర్ నడుస్తున్న అసలు యంత్రంలో కెర్నల్ లాగ్ తెరవండి. ఏ ప్రాసెస్‌ను, ఏ పరిమితి దాటినందుకు చంపిందో అక్కడ రాసి ఉంటుంది. జావా హీప్ (ప్రోగ్రాము ఆబ్జెక్టులు ఉండే మెమరీ) పరిమితిని కంటెయినర్ పరిమితికి సమానంగా పెట్టారేమో కూడా చూసుకోండి. థ్రెడ్‌ల స్టాక్‌లు, క్లాసుల సమాచారం, జిట్ కంపైలర్ తయారుచేసే యంత్ర కోడ్ అన్నీ హీప్‌కు బయటే ఉంటాయి. వాటికి చోటు వదలకపోతే హీప్ నిండకముందే కంటెయినర్ నిండిపోతుంది.

మెమరీ అడిగినప్పుడు కెర్నల్ ‘లేదు’ అనకుండా ఎందుకు ఒప్పుకుంది, ఒప్పుకున్నాక తర్వాత ఎందుకు చంపింది అన్న ప్రశ్న మీలో మొదలైతే, మీరు పుస్తకం తెరవడానికి సిద్ధమైనట్టే. ప్రోగ్రాము అడిగినప్పుడు లినక్స్ ఇచ్చేది చిరునామాలు మాత్రమే. ఆ చిరునామాను మొదటిసారి తాకినప్పుడు పేజ్ ఫాల్ట్, అంటే అక్కడ మెమరీ లేదన్న కబురు, కెర్నల్‌కు వస్తుంది, అప్పుడుగానీ కెర్నల్ అసలైన మెమరీ పేజీని (మెమరీలో ఒక చిన్న ముక్కను) తెచ్చి అక్కడ అమర్చదు. మీ కంటెయినర్ పరిమితి లెక్కలోకి వచ్చేవి ఇలా నిజంగా అమర్చిన పేజీలే.

ఈ విషయాన్ని అందరికంటే బాగా చెప్పినవారు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ ఆచార్యులు రెమ్జీ, ఆండ్రియా అర్పాచి-డుస్సో దంపతులు. వారి పుస్తకం ‘ఆపరేటింగ్ సిస్టమ్స్: త్రీ ఈజీ పీసెస్’. అధ్యాయాలన్నీ ఉచితంగా దొరుకుతాయి. వర్చువలైజేషన్, కాంకరెన్సీ, పర్సిస్టెన్స్ అని మూడు భాగాలు. ప్రతి అధ్యాయం ఒక చిక్కుముడితో మొదలవుతుంది, ఆ చిక్కు విప్పే క్రమంలోనే పద్ధతి పుట్టుకొస్తుంది. పేజీ టేబుల్ (ఏ చిరునామాకు ఏ మెమరీ పేజీ అన్న పట్టిక) అంటే ఏమిటో నిర్వచనం ఇచ్చి వదిలేయరు. అది లేకపోతే ఏ ఇబ్బంది వస్తుందో చూపిస్తారు, దానికి మొదట తట్టే పరిష్కారం ఎక్కడ విఫలమవుతుందో చూపిస్తారు, ఆ తర్వాతే పేజీ టేబుల్ వస్తుంది. మెకానికల్ చదివిన మీకు ఈ తీరు బాగా నచ్చుతుంది. మొదటి భాగం పూర్తి చేసి ఆగండి. మిగతా రెండు భాగాలకు తొందరేమీ లేదు.

ఆగి ఎక్స్‌వీ6 తెరవండి. నా గట్టి అభిప్రాయం ఇదే: పెద్ద కెర్నల్‌లో పది శాతం చదవడం కంటే చిన్న కెర్నల్‌ను మొదటి లైను నుంచి చివరి లైను దాకా చదవడం ఎన్నో రెట్లు మేలు. లినక్స్ సోర్స్ కోడ్ ఇప్పుడు మూడు కోట్ల లైన్లు దాటింది. అందులో ఎక్కడ మొదలుపెట్టినా మీకు తెలియని మరో పది చోట్లకు తీసుకెళ్తుంది. ఎక్స్‌వీ6 కెర్నల్ పదివేల లైన్లు కూడా ఉండదు. 1975లో వచ్చిన యూనిక్స్ ఆరో ఎడిషన్‌ను నమూనాగా తీసుకుని, 2006లో ఎంఐటీ ఆచార్యులు తమ విద్యార్థుల కోసం దాన్ని రాశారు. 2019 నుంచి అది రిస్క్-ఫైవ్ ప్రాసెసర్ మీద నడుస్తోంది. దానితోపాటు రస్ కాక్స్, ఫ్రాన్స్ కాషుక్, రాబర్ట్ మోరిస్ రాసిన చిన్న పుస్తకమూ ఉచితమే.

అందులో మీరు తప్పక దగ్గరగా చూడాల్సిన ఫైలు ఒకటుంది. పేరు ‘స్విచ్’, ఐ అక్షరం లేకుండా రాస్తారు. ఒక ప్రాసెస్ నుంచి మరో ప్రాసెస్‌కు మారే పనిలో కీలకమైన ముక్క అదే. 14 రిజిస్టర్లను (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ గదులను) మెమరీలో దాచుతుంది, కొత్త ప్రాసెస్‌కు చెందిన 14 రిజిస్టర్లను మెమరీ నుంచి తెస్తుంది, తిరిగి వెళ్తుంది. 29 యంత్ర ఆదేశాలు, అంతే. ప్రాసెసర్‌లో 32 రిజిస్టర్లుంటే 14 మాత్రమే ఎందుకు? స్విచ్ ఒక మామూలు సి ఫంక్షన్ లాగే పిలిపించుకుంటుంది కాబట్టి, పిలిచినవారు కాపాడుకోవలసిన రిజిస్టర్లను కంపైలర్ అప్పటికే స్టాక్ మీద దాచి ఉంటుంది. మరి ప్రోగ్రాము ఏ లైనులో ఉందో ఎక్కడ దాచారు? ఎక్కడా విడిగా దాచలేదు. తిరిగి వెళ్లాల్సిన చిరునామా ఉండే రిజిస్టర్ ఆ 14లో ఒకటి. దాన్ని మార్చేశారు కాబట్టి చివరి ‘రిటర్న్’ ఆదేశం, ఈ ఫంక్షన్‌ను ఇప్పుడు పిలిచిన చోటికి కాకుండా, ఎప్పుడో మరో ప్రాసెస్ పిలిచిన చోటికి వెళ్తుంది. ఇది అర్థమైన రోజు మీకు రాత్రి నిద్ర పట్టదు, అంత ఆనందంగా ఉంటుంది.

అసలు యూనిక్స్ ఆరో ఎడిషన్‌లో ఈ మార్పిడి జరిగే చోటే, ‘ఇది మీకు అర్థం కావాలని ఎవరూ ఆశించడం లేదు’ అనే అర్థంలో ఒక వ్యాఖ్య ఉండేది. పరీక్షలో అడగరులే అన్న భావంతో రాశామని యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకరైన డెన్నిస్ రిచీ తర్వాత వివరించారు. ఆ కోడ్ మొత్తానికి సిడ్నీలో న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జాన్ లయన్స్ వివరణ రాశారు. లైసెన్సు అడ్డంకుల వల్ల అది అచ్చులోకి రావడానికి 1996 దాకా పట్టింది. అంతవరకు ఫొటోకాపీల మీదే ఒక తరం ఇంజినీర్లు కెర్నల్ నేర్చుకున్నారు. మనకు అదే విద్య చట్టబద్ధంగా, ఉచితంగా, ఇంట్లో లాప్‌టాప్ మీద నడిపి చూసుకునేలా దొరుకుతోంది. దీన్ని వదులుకోవద్దు.

ఎంఐటీ కోర్సు అభ్యాసాల్లో కాపీ-ఆన్-రైట్ ఫోర్క్ (కొత్త ప్రాసెస్‌ను పుట్టించేటప్పుడు పేజీలను వెంటనే కాకుండా, వాటిలో రాసినప్పుడే నకలు చేసే పద్ధతి) అనేది ఒకటుంది. మిగతావి వదిలినా అది చేయండి. పేజ్ ఫాల్ట్‌ను మీ చేతులతో పట్టుకుని పేజీ అమర్చాక, 137 వెనుక జరిగేదాన్ని మీకు ఎవరూ వివరించాల్సిన అవసరం ఉండదు.

ఇక సిల్బర్‌షాట్జ్ పాఠ్యపుస్తకం. ముఖచిత్రం మీది డైనోసార్ల వల్ల అందరూ దాన్ని డైనోసార్ పుస్తకం అంటారు. దాన్ని వెతుక్కుని చూసుకునే పుస్తకంగా దగ్గర ఉంచుకోండి, వరుసగా చదవనవసరం లేదు. మీది సర్వర్ పని కాబట్టి ఎక్స్‌వీ6 తర్వాత మైఖేల్ కెరిస్క్ రాసిన ‘ది లినక్స్ ప్రోగ్రామింగ్ ఇంటర్‌ఫేస్’ కొనండి. 1500 పేజీలు దాటిన ఆ 2010 నాటి గ్రంథం కెర్నల్‌కూ ప్రోగ్రాముకూ మధ్య గీత ఎక్కడుందో చెప్పడంలో సాటిలేనిది. సర్వీసు నెమ్మదించినప్పుడు ఏం కొలవాలో తెలియాలంటే బ్రెండన్ గ్రెగ్ ‘సిస్టమ్స్ పెర్ఫార్మెన్స్’, 2020 నాటి రెండో ఎడిషన్.

ప్రశ్న: నేను గుంటూరు బ్రాడీపేటలో ఉంటూ బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాకు ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపరు ఉంది. సిలబస్ పుస్తకం బట్టీ పడుతున్నానే గానీ ఏదీ కళ్లకు కట్టడం లేదు. 8 జీబీ ర్యామ్ ఉన్న విండోస్ లాప్‌టాప్ ఉంది. ఎక్స్‌వీ6 లాంటివి దానిలో నడుస్తాయా, అన్నయ్య చెప్పినట్టు లినక్స్ వేరుగా ఎక్కించుకోవాలా?
– ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: నడుస్తాయమ్మా, హాయిగా నడుస్తాయి. లాప్‌టాప్‌లో ఉన్న విండోస్‌ను కదిలించవద్దు. విండోస్‌లోనే లినక్స్ నడిపే సౌకర్యమైన డబ్ల్యూఎస్‌ఎల్ ఎక్కించి, అందులో ఉబుంటు (ఒక లినక్స్ రకం) 24.04 పెట్టుకోండి. 22.04 వద్దు: ఎక్స్‌వీ6 కొత్త ప్రతికి క్యూఎము 7.2 లేదా ఆ పైది కావాలి, 22.04తో వచ్చేది అంతకంటే పాతది. తర్వాత రిస్క్-ఫైవ్ సి కంపైలర్, క్యూఎము, గిట్ ఎక్కిస్తే చాలు. క్యూఎము అంటే ఉత్తుత్తి యంత్రం. ఎక్స్‌వీ6 అందులో తీసుకునేది 128 ఎంబీ మాత్రమే, కాబట్టి మీ 8 జీబీ ఎక్కువే. కొత్తవారంతా ఇరుక్కునే చోటు ఒకటుంది: దాంట్లోంచి బయటికి రావడం. కంట్రోల్, ఏ కలిపి నొక్కి వదిలేసి, తర్వాత ఎక్స్ నొక్కండి.

దానికంటే ముందు ఈ రోజే చేయగల పని ఒకటి చెబుతాను. ఉబుంటులో ఎస్‌ట్రేస్ అనే పనిముట్టు ఎక్కించండి. ఒక ప్రోగ్రాము కెర్నల్‌ను అడిగే ప్రతి కోరికనూ అది వరుసగా చూపిస్తుంది. ఎస్‌ట్రేస్ కింద ఎకో ఆదేశాన్ని నడిపి, ‘నమస్కారం’ అని తెలుగులో రాయించండి. లైబ్రరీలను తెరిచే వరుసలన్నీ దాటాక, చివర్లో రైట్ అనే సిస్టమ్ కాల్ కనిపిస్తుంది. దాని మొదటి విలువ 1, అంటే తెర. చివరి విలువ 25, అంటే రాయమన్న బైట్లు. నమస్కారంలో యూనికోడ్ లెక్కన 8 ముక్కలు: న, మ, స, పొల్లు, క, దీర్ఘం, ర, సున్న. తెలుగులో ఒక్కో ముక్కకు యూటీఎఫ్-8 మూడు బైట్లు తీసుకుంటుంది. మొత్తం 24, వరుస ముగింపు గుర్తుకు ఇంకొకటి. మధ్యలో మన అక్షరాలకు బదులు 340, 260, 250 లాంటి అంకెలు కనిపిస్తాయి. ఆ మూడూ కలిసి ‘న’. కెర్నల్‌కు భాష తెలియదు, బైట్లే తెలుసు అన్న మాట పుస్తకంలో చదవడం వేరు, ఇలా చూడటం వేరు.

పరీక్షకు సిలబస్ పుస్తకమే చదవండి, మార్కులు అందులోనే ఉన్నాయి. అయితే షెడ్యూలింగ్ అధ్యాయం చదివిన రోజే ఎక్స్‌వీ6లో షెడ్యూలర్ (తర్వాత ఏ ప్రాసెస్ నడవాలో ఎంచే) ఫంక్షన్ తెరిచి చూడండి. అది ఒక్క పేజీలో పట్టేంత చిన్నది, పుస్తకంలోని రౌండ్ రాబిన్ బొమ్మ అక్కడ ఒక ఫర్ లూప్‌గా కనిపిస్తుంది. సి భాషలో పాయింటర్లు తడబడుతుంటే మాత్రం ముందు వాటి మీద రెండు వారాలు పెట్టండి.

ప్రశ్న: విజయవాడ గవర్నర్‌పేటలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం నాది. నెమ్మదిగా ఉందంటూ తెచ్చిన ప్రతి లాప్‌టాప్‌కూ ర్యామ్ పెంచమనే అడుగుతారు. నిజంగా ర్యామ్ కొరతేనా అని ఎలా తేల్చాలి? విండోస్ లోపలి విషయాలకు మంచి పుస్తకం ఉందా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఈ ప్రశ్న అడిగినందుకే మీ ఖాతాదారులు అదృష్టవంతులు. టాస్క్ మేనేజర్‌లో శాతం చూసి నిర్ణయించవద్దు. లాప్‌టాప్ నెమ్మదించిన సమయంలోనే రిసోర్స్ మానిటర్ తెరిచి, మెమరీ భాగంలో సెకనుకు ఎన్ని హార్డ్ ఫాల్ట్‌లు వస్తున్నాయో గమనించండి. కావలసిన పేజీ మెమరీలో లేక డిస్కు నుంచి తేవాల్సి వచ్చిన సందర్భాలవి. కొత్త ప్రోగ్రాము తెరిచినప్పుడు కాసేపు పెరగడం సహజం. ఏమీ తెరవకపోయినా అదే పనిగా వందల్లో వస్తూనే ఉంటే ర్యామ్ పెంచండి. అవి తక్కువగా ఉండి డిస్కు మాత్రం ఎప్పుడూ నిండుగా పనిచేస్తుంటే, పాత హార్డ్ డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేయమని చెప్పండి. స్టాండ్‌బై అని చూపించే మెమరీని నిండిపోయినట్టు లెక్కేయకూడదు, అడిగిన వెంటనే విండోస్ దాన్ని వదిలేస్తుంది.

పుస్తకం ‘విండోస్ ఇంటర్నల్స్’. ఏడో ఎడిషన్ మొదటి భాగం 2017లో, రెండో భాగం 2021లో వచ్చాయి. మీ పనికి మొదటి భాగంలో మెమరీ అధ్యాయం చాలు. రచయితల్లో ఒకరైన మార్క్ రుస్సినోవిచ్ చేసిన ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్, ర్యామ్‌మ్యాప్ పనిముట్లు ఉచితం. వాటిని పక్కన తెరిచి ఉంచుకుని చదవండి.

ప్రశ్న: లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల్లో లినక్స్ కెర్నల్ పుస్తకాలు తక్కువ ధరకు దొరుకుతున్నాయి. 2005 నాటివి కొనవచ్చా?
– ఒక పాఠకుడు, పటమట

జవాబు: పుస్తకాన్ని బట్టి, అధ్యాయాన్ని బట్టి. బోవెట్, చెసాటి రాసిన ‘అండర్‌స్టాండింగ్ ది లినక్స్ కెర్నల్’ మూడో ఎడిషన్ 2005 నాటిది. అందులో పేజీ టేబుళ్లు, ఇంటరప్ట్‌లు, ఫైల్ సిస్టమ్‌ల మూల భావనలు ఇప్పటికీ పనికొస్తాయి. షెడ్యూలర్ అధ్యాయం మాత్రం చరిత్రగానే చదవాలి. అందులో చెప్పిన షెడ్యూలర్ స్థానంలోకి 2007లో సీఎఫ్‌ఎస్ అనే కొత్త షెడ్యూలర్ వచ్చింది, 2023లో వచ్చిన 6.6 కెర్నల్‌లో సీఎఫ్‌ఎస్ స్థానంలోకి ఈఈవీడీఎఫ్ అనే మరొకటి వచ్చింది. రాబర్ట్ లవ్ ‘లినక్స్ కెర్నల్ డెవలప్‌మెంట్’ అయితే 2010 నాటి మూడో ఎడిషన్ తీసుకోండి, అందులో సీఎఫ్‌ఎస్ వివరణ ఉంది, చదవడానికీ తేలిక. ‘లినక్స్ డివైస్ డ్రైవర్స్’ మూడో ఎడిషన్‌కు డబ్బు పెట్టవద్దు, అది ఉచితంగానే దొరుకుతుంది, పైగా అందులోని ఉదాహరణలు చాలావరకు ఇప్పటి కెర్నల్‌తో కంపైల్ కావు.

వయసుతో సంబంధం లేకుండా కొనదగినది మారిస్ బాక్ 1986లో రాసిన ‘ది డిజైన్ ఆఫ్ ది యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్’. బఫర్ కాష్ (డిస్కు నుంచి తెచ్చినవి మెమరీలో ఉంచుకునే చోటు), ఐనోడ్‌ల (ఫైలు వివరాలు ఉండే నమోదుల) మీద ఇంత స్పష్టమైన వివరణ అరుదు. బేరం మొదలుపెట్టే ముందు ఏ పుస్తకానికైనా కాపీరైట్ పేజీ తిప్పి ఎడిషన్, సంవత్సరం చూడండి. ముఖచిత్రం ఒకేలా ఉన్నా లోపలి కెర్నల్ 2.4 కావచ్చు, 2.6 కావచ్చు.