స్టాంప్ అయిపోతోందని అసైలం వేయవచ్చా?

ప్రశ్న: మేడం గారూ, మాది ఖమ్మం జిల్లా. మా తమ్ముడు రెండేళ్ల కింద ఐర్లండ్ వెళ్లి డబ్లిన్‌లో ఎమ్మెస్సీ చేశాడు. ఇప్పుడు చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే స్టాంప్ వన్ జీ అనుమతి మీద ఉన్నాడు, అది మూడు నెలల్లో అయిపోతుంది. చదువుకు తగ్గ ఉద్యోగం రాలేదు, గోడౌన్‌లో పని చేస్తున్నాడు. పద్దెనిమిది లక్షల లోన్ అలాగే ఉంది. అక్కడ తెలిసినతను ఒకడు "అసైలం, అంటే ప్రాణభయం ఉందని శరణు కోరే దరఖాస్తు, వేసెయ్, ఆరు నెలలకు వర్క్ పర్మిషన్ వస్తుంది, కేసు తేలేసరికి నాలుగేళ్లు పడుతుంది, ఈలోపు లోన్ తీర్చుకోవచ్చు" అంటున్నాడట. రాజకీయ కక్షల వల్ల ప్రాణభయం ఉందని కథ అతనే రాసిస్తాడట. మేము ఇక్కణ్నుంచి ఒక ఎఫ్‌ఐఆర్ కాపీ తయారు చేయించి పంపాలట. మొత్తం మూడు లక్షలు అడుగుతున్నాడు. తమ్ముడు మొన్న సంక్రాంతికి ఇంటికి వచ్చి వారం ఉండి వెళ్లాడు, అప్పుడు ఈ మాటే లేదు. నిజానికి వాడు అక్కడ పరిచయమైన అమ్మాయిని ఇష్టపడుతున్నాడు. వాళ్లది వేరే కులం. ఆమె అన్నలు ఫిబ్రవరిలో మా ఇంటికొచ్చి అరిచి వెళ్లారు. అది చిన్న విషయం, కేసులో పెట్టొద్దని అతను చెప్పాడు. డబ్బు పంపాలా వద్దా? అమ్మకు నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, డబ్బు పంపకండి. ఎఫ్‌ఐఆర్ జోలికి అసలే వెళ్లకండి. మీ ఉత్తరం చివర్లో ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన విషయం ఉంది చూశారా, ఆ అమ్మాయి అన్నల సంగతి, దాని గురించి మాత్రం మనం కాస్త మాట్లాడుకోవాలి. అతను పక్కన పెట్టమన్నదే మీ ఉత్తరం మొత్తంలో నిజమైన భయం.

ముందు ఆ లెక్క చూద్దాం. అతను చెబుతున్నది పూర్తిగా పుట్టించిన మాట కాదు, పాతబడిపోయిన మాట. ఐర్లండ్‌లో ఒకప్పుడు అసైలం దరఖాస్తు మీద మొదటి నిర్ణయం రావడానికే ఏడాదికి పైగా పట్టేది. 2019లో దాదాపు 4,800 దరఖాస్తులు వచ్చిన ఆ చిన్న దేశానికి 2024లో 18,500కు పైగా వచ్చాయి. ఒత్తిడి పెరిగేకొద్దీ వాళ్లు పద్ధతి మార్చుకుంటూ వచ్చారు. 2022 నవంబర్ నుంచి, ప్రభుత్వం 'సురక్షిత దేశం' అని ప్రకటించిన దేశాల వాళ్ల కేసులను వేరుగా తీసి త్వరగా తేల్చడం మొదలుపెట్టారు. 90 రోజుల్లో మొదటి నిర్ణయం ఇవ్వాలన్నది లక్ష్యం. అప్పటికి ఆ జాబితాలో మన దేశం లేదు. 2024 జూలైలో బ్రెజిల్, ఈజిప్ట్, మలావి, మొరాకోలతో పాటు ఇండియానూ అందులో చేర్చారు. మీ తమ్ముడికి సలహా ఇస్తున్నతను ఆ జూలై కన్నా ముందు విన్న కథలనే ఇంకా అమ్ముకుంటున్నాడు.

ఇప్పుడు ఆ 'ఆరు నెలల వర్క్ పర్మిషన్' సంగతి. నియమం ఏమిటంటే, దరఖాస్తు పెట్టాక ఆరు నెలలు గడిచినా మొదటి నిర్ణయం రాకపోతే, ఆ ఆలస్యం దరఖాస్తుదారు వల్ల జరిగింది కాకపోతే, అప్పుడు పని చేసుకునే అనుమతి ఇస్తారు. అయిదో నెల నిండాక దానికి అప్లై చేసుకోవచ్చు. ఇండియా పాస్‌పోర్ట్ ఉన్నవాడికి మూడో నెలలోనే నిర్ణయం వచ్చేస్తే ఆ ఆరో నెల ఇంకెక్కడిది? ఇప్పుడు మీ తమ్ముడు వన్ జీ మీద వారానికి 40 గంటలు చట్టబద్ధంగా పని చేస్తున్నాడు. ఆ స్టాంప్ గడువు తీరాక కేవలం అసైలం దరఖాస్తుదారుగా మిగిలితే, అనుమతి లేకుండా ఒక్క గంట పని చేసినా నేరమే. లోన్ తీర్చుకోవడానికని చెప్పిన దారిలో సంపాదన ముందే ఆగిపోతుంది.

మరి బతికేది ఎలా? ప్రభుత్వం వసతి ఇస్తే పెద్దవాళ్లకు వారానికి 38.80 యూరోలు చేతికిస్తారు. వసతి ఇవ్వలేకపోతే 113.80. డబ్లిన్ అద్దెలు మీ తమ్ముణ్నే అడగండి, అవి ఏ మూలకు వస్తాయో చెబుతాడు. 2023 డిసెంబర్ నుంచి ఒంటరి మగవాళ్లలో చాలామందికి వెంటనే వసతి దొరకడం లేదు. 2024లో దరఖాస్తులు తీసుకునే ఆఫీసు ఉన్న మౌంట్ స్ట్రీట్ పొడుగునా పేవ్‌మెంట్ మీద టెంట్లు వేసుకుని వందల మంది చలిలో పడుకున్నారు. మే 1న ఆ టెంట్లు తీయించేశారు. తర్వాత కాలువ గట్టున మళ్లీ టెంట్లు లేచాయి. ఎమ్మెస్సీ చదివిన పిల్లవాణ్ని మూడు లక్షలిచ్చి ఆ క్యూలోకి పంపించవద్దు.

ఇక కథ విషయం. పోయినేడాది ఒక తండ్రి నా ఆఫీసుకు వచ్చి ఫోన్‌లో ఎఫ్‌ఐఆర్ ఫొటో చూపించారు. వాళ్లబ్బాయి కూడా యూరప్‌లోనే. స్టేషన్ పేరు ఒక ఫాంటులో, తేదీ ఇంకో ఫాంటులో ఉన్నాయి. అది సరే అనుకున్నా, దాడి జరిగిందని రాసిన రోజు ఆ అబ్బాయి అక్కడి సూపర్‌మార్కెట్‌లో నైట్ షిఫ్ట్ చేస్తున్నాడు. వీసా రెన్యువల్ కోసం ఆ పేస్లిప్‌ను తనే ఆఫీసుకు ఇచ్చుకున్నాడు. ఇంటర్వ్యూలో పెద్ద ప్రశ్నలేం వేయలేదు. "ఆ రోజు ఏ బస్సెక్కావు? ఇంట్లో ఎవరున్నారు? గేటు ఏ రంగు?" అని అడిగారు. నిజంగా పరిగెత్తినవాడికి గేటు రంగు గుర్తుంటుంది. బట్టీ పట్టినవాడికి ఆ లైన్ కాగితంలో రాసి ఉండదు. ఆ తండ్రి నా ముందు కూర్చుని ఏడ్చారు, ఆ రోజు నేను చేయగలిగిందేమీ లేకపోయింది.

ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలని సుప్రీం కోర్టు 2016లోనే చెప్పింది. కొన్ని సున్నితమైన కేసులు తప్ప మిగతావి నంబర్ కొట్టి చూసుకోవచ్చు. దొంగ కాపీ తయారు చేయించేది మీరు కాబట్టి కేసు కూడా ఇక్కడ మీ మీదే పడుతుంది. భారతీయ న్యాయ సంహితలో ఫోర్జరీ 336వ సెక్షన్, ప్రభుత్వ రికార్డును ఫోర్జరీ చేయడం 337, అది దొంగదని తెలిసీ అసలైనదిగా వాడడం 340. 337 కింద ఏడేళ్ల దాకా శిక్ష పడవచ్చు. సలహా ఇచ్చినవాడి పేరు ఆ కాగితాల మీద ఎక్కడా ఉండదు. మీ పేరు, మీ నాన్నగారి పేరు ఉంటాయి.

సంక్రాంతి సంగతి కూడా చెప్పాలి. ప్రాణభయం ఉన్నవాడు వీలైనంత త్వరగా రక్షణ అడగాలి, అడగకపోతే ఎందుకు అడగలేదో సరైన కారణం చెప్పాలి అని ఐర్లండ్ 2015 అంతర్జాతీయ రక్షణ చట్టంలోనే ఉంది. రెండేళ్లు స్టూడెంట్‌గా ఉండి, పండక్కి ఇంటికొచ్చి వెళ్లి, స్టాంప్ అయిపోయే వారంలో 'నన్ను చంపేస్తారు' అంటే, ఇంటర్వ్యూ చేసే అధికారి ముందు చూసేది పాస్‌పోర్ట్ మీద శంషాబాద్ ముద్రనే.

తిరస్కరిస్తే ఏమవుతుందో చెబుతాను. 2015 చట్టం కింద మామూలు కేసుల్లో అప్పీలుకు 15 పనిదినాలు ఉంటే, సురక్షిత దేశం వాళ్లకు 10 మాత్రమే. నోటి విచారణ కూడా ఉండదు, న్యాయం కోసం అవసరమని ట్రిబ్యునల్ అనుకుంటేనే పిలుస్తుంది, లేకపోతే కాగితాల మీదే తేల్చేస్తుంది. అక్కడా ఓడి, తనంతట తాను వెళ్లిపోకపోతే డిపోర్టేషన్ ఆర్డర్ ఇస్తారు. దానికి కాలపరిమితి లేదు. రద్దు చేయించుకుంటే తప్ప జీవితాంతం ఐర్లండ్‌లో అడుగు పెట్టకూడదు. రేపు కెనడాకో, అమెరికాకో, పక్కనున్న ఇంగ్లండ్‌కో వీసా అప్లై చేస్తే 'మిమ్మల్ని ఏ దేశమైనా పంపించేసిందా' అన్న గడి వస్తుంది. ఆ గడిలో అబద్ధం రాస్తే మరో తప్పు అవుతుంది.

గాలి ఎటు వీస్తోందో కూడా గమనించండి. యూరోపియన్ యూనియన్ కొత్త వలస ఒప్పందంలో చేరడానికి ఐర్లండ్ పార్లమెంటు 2024 జూన్‌లో ఒప్పుకుంది. ఆ నియమాల అమలు తేదీ 2026 జూన్ 12. మొత్తం యూనియన్‌కు ఒకే సురక్షిత దేశాల జాబితా ఉండాలని 2025 ఏప్రిల్‌లో యూరోపియన్ కమిషన్ ప్రతిపాదించినప్పుడు అందులోనూ ఇండియా పేరుంది. కాబట్టి ఐర్లండ్ కాకపోతే జర్మనీ అనే ఆలోచనా వద్దు. 2025 నవంబర్‌లో ఐర్లండ్ ప్రభుత్వం ఇంకొన్ని మార్పులు ప్రకటించింది. శరణార్థిగా గుర్తింపు వచ్చాక పౌరసత్వానికి ఆగాల్సిన కాలాన్ని మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెంచడం, ప్రభుత్వ వసతిలో ఉంటూ సంపాదిస్తున్నవాళ్ల దగ్గర జీతంలో 10 నుంచి 40 శాతం దాకా వసూలు చేయడం వాటిలో ఉన్నాయి.

ఇప్పుడు ఆ అమ్మాయి సంగతికి వద్దాం. 'సురక్షిత దేశం' అంటే ఆ దేశంలో ఎవరికీ ప్రమాదం లేదని కాదు. ముందుగా అలా అనుకుని మొదలుపెడతారు, అంతే. 'నా పరిస్థితుల్లో నాకు మాత్రం అది సురక్షితం కాదు' అని గట్టి కారణాలు చూపిస్తే ఆ ఊహ పక్కకు పోతుంది. చట్టంలోనే ఆ దారి ఉంది. మనకు మిర్యాలగూడ దూరం కాదు కదా. 2018 సెప్టెంబర్‌లో ఆస్పత్రి బయట, గర్భవతి అయిన భార్య పక్కనుండగానే, కులాంతర పెళ్లి చేసుకున్న ప్రణయ్‌ను నరికేశారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఇలాంటి భయంతో పరాయి దేశంలో రక్షణ అడిగేవాళ్లను నేను ఎప్పుడూ తప్పు పట్టను. దొంగ కథలు పెరిగేకొద్దీ అలాంటి నిజమైన కేసులను నమ్మేవాళ్లు తగ్గిపోతారన్నదే నా బాధ.

కానీ నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, ఒకసారి ఇంటికొచ్చి అరిచి వెళ్లినంత మాత్రాన కేసు నిలవదు. 'పోలీసుల దగ్గరకు వెళ్లారా? హైదరాబాద్ కాకపోతే పుణేలోనో బెంగళూరులోనో బతకలేరా?' అని అక్కడ కచ్చితంగా అడుగుతారు. కులాంతర జంటలకు రక్షణ ఇవ్వాలని, ప్రతి జిల్లాలో ప్రత్యేక విభాగం పెట్టాలని సుప్రీం కోర్టు 2018 మార్చిలో శక్తి వాహిని కేసులో ఆదేశించింది, ఆ తీర్పునూ ముందు పెడతారు. అందుకే వాళ్లు ఫిబ్రవరిలో వచ్చినప్పుడు ఏమన్నారో, ఎంతమంది వచ్చారో, ఎవరు చూశారో మీరూ అమ్మా కూర్చుని తేదీతో సహా రాసి పెట్టుకోండి. ఫోన్‌లో బెదిరింపు మెసేజ్‌లుంటే చెరపకండి. మళ్లీ వస్తే స్టేషన్‌లో నిజమైన ఫిర్యాదు ఇవ్వండి. పరిస్థితి ముదిరితే తమ్ముడు అక్కడి లీగల్ ఎయిడ్ బోర్డు ద్వారా సొలిసిటర్‌ను, అంటే లాయర్‌ను, కలవాలి. మధ్యవర్తి అక్కర్లేదు. కానీ ఆలోపు రాజకీయ కక్షల కథ ఒకటి ఫైల్లో చేరిందంటే, రేపు ఈ నిజం చెప్పినా ఎవరూ వినరు. అది చిన్న విషయమన్న అతని మాటలో అసలు ప్రమాదం అక్కడుంది.

స్టాంప్ గురించి ఒక మాట మీరెవరూ చూసినట్టు లేదు. అక్కడి డిగ్రీల స్థాయి లెక్కలో ఎమ్మెస్సీ లెవెల్ 9 కోర్సు అయితే వన్ జీ మొత్తం 24 నెలల దాకా వస్తుంది. మొదట 12 నెలలకే ఇస్తారు. చదువుకు తగ్గ ఉద్యోగం కోసం నిజంగా ప్రయత్నిస్తున్నట్టు చూపిస్తే ఇంకో 12 నెలలు పొడిగిస్తారు. మీ తమ్ముడు వెళ్లిందే రెండేళ్ల కింద, కోర్సే ఏడాది పైన పట్టి ఉంటుంది కాబట్టి, ఇప్పుడు అయిపోతున్నది మొదటి 12 నెలలే అనుకుంటున్నాను.

ఈ రాత్రి ఫోన్ చేసినప్పుడు తమ్ముణ్ని కార్డు మీది తేదీ, డిగ్రీ సర్టిఫికెట్‌లో లెవెల్ ఎంతో చూసి చెప్పమనండి. ఇప్పటిదాకా ఉద్యోగాలకు పంపిన అప్లికేషన్లు, వచ్చిన రిజెక్షన్ మెయిళ్లు, వెళ్లిన ఇంటర్వ్యూల పిలుపులు అన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టమనండి. రిజెక్షన్ మెయిలే కదా అని తీసేయొద్దు, పొడిగింపుకు అదే సాక్ష్యం. గడువుకు ముందే రెన్యువల్‌కు అప్లై చేయాలి, చివరి వారం దాకా ఆగొద్దు. ఆ ఏడాదిలో వర్క్ పర్మిట్ ఇచ్చే కంపెనీ దొరికితే ఐర్లండ్ నుంచే మారిపోవచ్చు. లోన్ ఇచ్చిన బ్యాంకుకు మీరే వెళ్లి, వాయిదాలు తగ్గించి కాలం పెంచమని రాతపూర్వకంగా అడగండి. అడగకుండా ఎగ్గొడితేనే గ్యారంటీ సంతకం పెట్టినవాళ్లకు ఇబ్బంది. తమ్ముడు ఆ తేదీ, లెవెల్ చెప్పాక నాకు మళ్లీ రాయండి, మిగతా కాగితాలు ఏం కావాలో చెబుతాను.