స్వింగ్‌కి ముందు పట్టు చూసుకో

చిరంజీవికి ఆశీస్సులు.

గోల్ఫ్ ఆడుతుంటే బంతి కుడివైపు వంగిపోతోందనీ, ఎంత గట్టిగా కొడితే అంత ఎక్కువ వంగుతోందనీ రాశావు. బలం పెట్టినకొద్దీ ముంజేతులు బిగుస్తాయి. అవి బిగిస్తే మణికట్లు తిరగవు, క్లబ్ (బంతిని కొట్టే కర్ర) ముఖం బంతిని తాకే వేళకి తెరుచుకునే, అంటే కుడివైపు చూస్తూనే ఉంటుంది. బంతి ఇలా కుడికి వంగడాన్నే స్లైస్ అంటారు. నీ స్లైస్‌కి మూలం అక్కడే. అందుకని ముందు పట్టు సంగతి చూద్దాం.

నీది కుడిచేతి వాటం కాబట్టి ఎడమ చెయ్యి ముఖ్యం. క్లబ్ అరచేతి మధ్యలో పడకూడదు. చూపుడువేలి మధ్య కణుపు నుంచి చిటికెనవేలి మొదలు దాకా ఏటవాలుగా ఆనాలి. అరచేతిలో పట్టుకుంటే జారిపోతుందేమోనని మనకి తెలియకుండానే నొక్కేస్తాం. పట్టుకున్నాక పైనుంచి చూస్తే ఎడమ చేతి మెటికలు కనీసం రెండు కనబడాలి. ఒక్కటే కనబడితే చేతిని కాస్త కుడివైపు తిప్పు.

ఇక బిగువు. క్లబ్‌ని నీ శక్తి కొద్దీ పిండు, దాన్ని 10 అనుకో. అక్కడి నుంచి 4కి దించు. బిగువు ఎడమ చేతి చివరి మూడు వేళ్లలో ఉంటే చాలు. చాలామంది 4తోనే మొదలుపెడతారు, కానీ పైకెత్తిన క్లబ్ కిందికి మళ్లే క్షణంలో 8కి ఎక్కించేస్తారు. స్వింగ్, అంటే క్లబ్‌ని ఎత్తి కొట్టే ఊపు, పాడయ్యేది సరిగ్గా అక్కడే. మొదట ఎంత బిగువు ఉందో చివరిదాకా అంతే ఉండాలి. బంతి ముందు నిలబడ్డాక దవడ వదులు చెయ్యి, భుజాలు దించు, ఊపిరి వదులుతూ మొదలుపెట్టు. పళ్లు కొరుక్కుంటూ చేతులు వదులుగా ఉంచడం ఎవరి వల్లా కాదు. అలాగని చేతులు వేలాడిపోనివ్వకు. క్లబ్ పైకెత్తినప్పుడు ఎడమ మణికట్టు వెనక్కి కుప్పకూలితే క్లబ్ ముఖం ఎటు చూస్తోందో నీకే తెలియదు.

వదులుగా ఆడటమంటే మెల్లగా ఆడటం అనుకోకు. మరీ నెమ్మదిగా ఎత్తితే క్లబ్‌ని మోయడానికి చేతులు మళ్లీ బిగుస్తాయి. పైకి వెళ్లడానికి మూడు లెక్కలు, బంతి దాకా దిగడానికి ఒకటి. మొత్తం ఒక సెకను పైచిలుకు. పైకి చెబుతూ కొట్టి చూడు, లయ దానంతటదే కుదురుతుంది.

దిగడం నేల నుంచి మొదలవ్వాలి: బరువు ఎడమ పాదం మీదికి, తర్వాత నడుము, తర్వాత భుజాలు, ఆఖరున చేతులు. భుజాలు ముందు దూకితే క్లబ్ బయటినుంచి లోపలికి కోసుకుంటూ వస్తుంది. స్లైస్‌కి ఇది రెండో కారణం, పట్టు సరిచేసినా వదలనిది.

దీనికి మంచి సాధన ఒకటుంది. ఏడో నంబరు ఐరన్ (లోహపు తల ఉన్న మధ్యరకం క్లబ్) తీసుకుని, పాదాలు రెండూ దగ్గరగా పెట్టి, క్లబ్‌ని నడుము ఎత్తు దాకా మాత్రమే ఎత్తి 20 బంతులు కొట్టు. తొందరపడి బలం పెడితే తూలిపోతావు, తప్పు వెంటనే తెలిసిపోతుంది. తర్వాత పాదాలు భుజాల వెడల్పున పెట్టి పూర్తి స్వింగ్, 70 శాతం బలంతో. ముగించాక బొడ్డు లక్ష్యం వైపు తిరిగి, బరువంతా ఎడమ కాలి మీద, కుడి మునివేళ్లు మాత్రం నేలకి ఆని ఉండాలి. మూడు లెక్కపెట్టేదాకా అలా నిలబడలేకపోతే ఇంకా ఎక్కువ బలం పెడుతున్నట్టే.

బంతి ఎక్కడ ఉండాలంటావా, ఏడో నంబరుకి పాదాల మధ్య కంటే కాస్త ముందు. డ్రైవర్‌కి (అన్నిటికంటే దూరం కొట్టే పొడవాటి క్లబ్) ఎడమ మడమకి ఎదురుగా, టీ (బంతిని నిలబెట్టే చిన్న పుల్ల) మీద సగం బంతి క్లబ్ పైఅంచు కంటే ఎత్తుగా కనబడేలా.

మైదానంలో ఎదురుగా నీళ్లు కనబడగానే 4 మళ్లీ 8 అయిపోతుంది. అలాంటప్పుడు ఏడో నంబరుతో బలం పెట్టి కొట్టకు. దానికంటే కాస్త దూరం పంపే ఆరో నంబరు తీసి, గ్రిప్ మీద ఒక అంగుళం కిందికి పట్టుకుని, అదే 70 శాతంతో కొట్టు.

నీ పెదనాన్న