మొక్కల కంటే ముందు మట్టి

అమ్మలూ,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. కొత్త ఇంటి ముందు ఆ ఖాళీ జాగా చూస్తే ఇక్కడ కూర్చున్న నాకే చేతులు ఊరుకోవడం లేదు. ఈ ఆదివారమే నర్సరీకి వెళ్లి పూల మొక్కలు తెచ్చేస్తానన్నావు. ఇప్పుడే వద్దమ్మా, ఒక నెల ఆగు. మొన్న రథసప్తమికి మేము అరసవల్లి వెళ్లొచ్చాం. అక్కడి నుంచి ఉగాదికి 50 రోజుల పైమాటే. అందులో సగానికి పైగా మట్టికే ఇచ్చెయ్యి.

ముందు ఎండ చూడు. పొద్దున్న 8 గంటలకి, మిట్టమధ్యాహ్నం, సాయంత్రం 4 గంటలకి నీడ ఎక్కడ పడుతోందో ముగ్గుపిండితో గీత గీసుకో. అయితే ఈ గీతల్ని మాత్రమే నమ్ముకోకు. సూర్యుడు ఉత్తరానికి జరుగుతున్నాడు కదా, మే రెండో వారానికి మన విజయనగరంలో సరిగ్గా నడినెత్తికి వచ్చేస్తాడు. ఇప్పుడు ఇంటికి ఉత్తరం వైపు చల్లగా కనిపించే చోటే అప్పుడు మాడిపోతుంది. పడమటి గోడకి ఆనించి మడి అస్సలు వెయ్యకు. సాయంత్రం దాకా కాగిన గోడ చీకటి పడ్డాక కూడా వేడి వదులుతూనే ఉంటుంది. 2 అడుగులైనా ఎడం ఉంచు.

మీది ఎర్ర గరువు నేల. ఎండిపోతే గునపం కూడా దిగదు. తవ్వడానికి రెండు రోజుల ముందు బాగా తడుపు. తరువాత గుప్పెడు మట్టి తీసి నొక్కి చూడు. ముద్ద కట్టి, వేలితో తాకగానే విడిపోతే తవ్వొచ్చు. చేతికి అంటుకుంటే ఇంకో రోజు ఆగు. తడిగా ఉన్నప్పుడు తవ్విన ఎర్రమట్టి ఎండాక ఇటుక ముక్కల్లా అయిపోతుంది, దాన్ని మళ్లీ దారికి తేవడం చాలా కష్టం.

ఒక అడుగు లోతు తవ్వించు. పైమట్టి ఒక పక్కకి, అడుగుమట్టి ఇంకో పక్కకి పోసి, మళ్లీ అదే వరసలో నింపాలి. ఇల్లు కట్టిన చోటు కాబట్టి సిమెంటు పెళ్లలు, సున్నం ముక్కలు తప్పకుండా తగులుతాయి. వాటిని ఒక్కటి కూడా వదలకు. సున్నం ఎక్కువైన మట్టిలో మొక్కకి ఇనుము అందదు, ఆకులు పసుపుపచ్చగా పండినట్టు అయిపోతాయి. చిన్న చిన్న గులకరాళ్లు ఉంటే ఉండనీ.

మడి వెడల్పు 4 అడుగులు దాటకూడదు. రెండు వైపుల నుంచీ చెయ్యి మధ్యకి అందాలి, లోపల కాలు పెట్టే పని ఉండకూడదు. నేల కంటే అరడుగు ఎత్తు చెయ్యి. 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా పెరట్లో నేలమట్టంగా వేసిన బంతిమడుల్లో రెండు రోజులు నీళ్లు నిలిచాయి, వేళ్లు కుళ్లి అన్నీ పోయాయి. పక్కనే ఎత్తు మీద వేసినవి గాలికి పడిపోయినా మళ్లీ లేచాయి.

గత్తం, అదే పశువుల ఎరువు, దాని విషయంలో మాత్రం నా మాట విను. పెళ్లయిన కొత్తలో కనకాంబరాల మడికి బలం రావాలని పచ్చిపేడ తెచ్చి వేసేశాను. నెల తిరక్కుండా సగం మొక్కలు వాడిపోయాయి. పీకి చూస్తే వేళ్లకి చెదలు, వేరుపురుగు. ఆ రోజు ఆ మడి దగ్గర కూర్చుని ఏడ్చాను. బాగా మాగిన గత్తం నలిపితే టీపొడిలా రాలుతుంది, పేడ వాసన ఉండదు, కుప్పలో చెయ్యి పెడితే వేడి తగలదు. 10 అడుగుల పొడవు మడికి 40 కిలోలు వెయ్యి, ముప్పావు కిలో వేపపిండి కూడా కలుపు.

కలిపాక మడి చదును చేసి తడిపి, 10 రోజులు ఊరికే వదిలెయ్యి. నిద్రపోతున్న కలుపు గింజలన్నీ మొలుస్తాయి. వాటిని పైపైనే గీకి తీసెయ్యి, లోతుగా కదిపితే కొత్తవి లేస్తాయి. తుంగ సంగతి వేరు, దాన్ని గీకితే లాభం లేదు. గడ్డతో సహా తవ్వి తియ్యాలి. ఒక్క గడ్డ మిగిలినా వానలకి మడంతా అదే.

ఇక ఏం నాటాలంటావా? వేసవి తట్టుకునేవి నాటు: బొగడబంతి, జీనియా, బిళ్లగన్నేరు, తొమ్మిది గంటల పూలు. సంక్రాంతికి తెచ్చిన చామంతి కుండీలు ఇంకా అమ్ముతూ ఉంటారు, వాటి మీద డబ్బులు పెట్టకు, వాటి పూత అయిపోయింది. మల్లె మీద నీకున్న ఇష్టం నాకు తెలుసు. ఒకటిన్నర అడుగు గోతులు ఇప్పుడే తవ్వి ఎండకి వదిలెయ్యి, తొలకరి పడ్డాక నాటుదువు గాని. బంతి నారు జూలైలో నాటితే దసరాకి, మన పైడితల్లమ్మ సిరిమాను పండక్కి పూలు ఇంట్లోవే అవుతాయి.

నాటిన రోజునే మొక్కల మధ్య వేరుశెనగ తొక్కలో, ఎండుటాకులో రెండంగుళాల మందాన పరుచు. మొదలుకి మాత్రం తగలనివ్వకు, చెద పడుతుంది. ఉద్దానం కొబ్బరి పొట్టు దొరికితే అదీ మంచిదే, కానీ రెండు మూడు నీళ్లు మార్చి నానబెట్టి ఉప్పు పోగొట్టాకే వాడు. నీళ్లు పొద్దున్నే పొయ్యి. రోజూ చెంబుడు చిలకరించే కంటే రెండు రోజులకోసారి లోపలి దాకా తడిస్తే వేరు కిందకి దిగుతుంది.

మన ఊరి నుంచి రైతుబజారుకి వెళ్లే కూరగాయల వ్యాన్‌లో శుక్రవారం రెండు బస్తాల గత్తం వేయిస్తున్నాను. నిరుడు వేసవి నుంచి మాగింది. వ్యాన్ అబ్బాయి తెల్లవారక ముందే వస్తాడు, గేటు తాళం తీసి ఉంచు. పై బస్తా మూతి దగ్గర కాగితం పొట్లంలో బొగడబంతి విత్తనాలు ఉంటాయి, చూసుకుని తీసుకో.

మీ పెద్దమ్మ