పూలు, పండ్ల జంట చిత్రాలు: ఫ్లాట్ డబ్బుతో కొనొచ్చా?

ప్రశ్న: మేం నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టెల్‌వేన్‌లో ఉంటున్నాం. వేలానికి వచ్చిన పాత డచ్ స్టిల్ లైఫ్ చిత్రాల జత చూశాం. ఒకదాంట్లో పూలు, ఇంకోదాంట్లో పండ్లు. 9,000 యూరోలకు రావచ్చంటున్నారు. మూడేళ్లలో హైదరాబాద్ వచ్చేస్తాం. ఫ్లాట్ కోసం దాచిన డబ్బుతో కొని, వచ్చేముందు అమ్మితే లాభమేనా?

జవాబు: ఫ్లాట్ డబ్బుతో మాత్రం వద్దండి. వేలంపాట 9,000 దగ్గర ఆగి సుత్తి పడితే మీరు కట్టేది 9,000 కాదు. దానిమీద వేలం సంస్థ అదనంగా తీసుకునే కొనేవాళ్ల ప్రీమియం 28 శాతం అనుకుంటే 11,520 యూరోలు అవుతుంది. మూడేళ్లకు మళ్లీ అదే 9,000కు అమ్ముడైతే, 15 శాతం కమీషన్ పోను మీ చేతికొచ్చేది 7,650. పెట్టిన డబ్బు వెనక్కి రావాలంటేనే సుత్తి 13,550 దాటాలి, అంటే ధర 50 శాతం పెరగాలి. బీమా, రవాణా ఇందులో కలపలేదు. మూడేళ్లలో అంత పెరుగుతుందని ఫ్లాట్ అడ్వాన్సును దానిమీద పెట్టలేం.

పన్ను సంగతీ చూడండి. ఇంట్లో గోడకు పెట్టుకున్న కళాఖండాలకు అక్కడ పొదుపు, పెట్టుబడులపై వేసే బాక్స్ 3 పన్ను నుంచి మినహాయింపు ఉంది. ప్రధానంగా పెట్టుబడి కోసమే ఉంచుకుంటే అది వర్తించదు. మీరు రాసిన ఉద్దేశం సరిగ్గా ఆ రెండో కోవలోకే వస్తుంది.

అయినా మనసు వాటిమీదే ఉంటే, అయిదారేళ్లు అక్కర్లేని డబ్బుతో, ఇల్లు అందంగా ఉండటానికే కొనండి. అప్పుడు ముందు చదవాల్సింది కేటలాగ్‌లోని మాటలు. చిత్రకారుడి పేరు ఒక్కటే ఉంటే అది ఆయన పనేనని వేలం సంస్థ నమ్ముతోందన్నమాట. ‘అట్రిబ్యూటెడ్ టు’ అంటే ఆయనదే కావచ్చని. ‘ఫాలోయర్ ఆఫ్’ అంటే ఆయన బాటలో నడిచిన వేరే చెయ్యి. ‘మ్యానర్ ఆఫ్’ అంటే శైలి మాత్రమే ఆయనది, చిత్రం తరవాతి కాలంది. ‘సైన్డ్’ అనకుండా ‘బేర్స్ సిగ్నేచర్’ అంటే ఆ సంతకం ఇంకెవరో పెట్టారని వాళ్ల అనుమానం. యాన్ వాన్ హౌసుమ్ (1682–1749) లాంటి పూల చిత్రకారులను తరవాతి తరాలు విపరీతంగా అనుకరించాయి. అంత పెద్ద పేరు 9,000కు కనబడితే ఈ మాటల్లో ఏదో ఒకటి పక్కన ఉండే తీరుతుంది. హేగ్‌లోని ఆర్‌కేడీ అనే కళాచరిత్ర సంస్థ చిత్రాల డేటాబేస్ ఇంటర్నెట్‌లో ఉచితం, పోల్చి చూసుకోండి. 1933 నుంచి 1945 వరకు ఎవరి దగ్గర ఉన్నాయో రాతపూర్వకంగా అడగండి. నాజీల కాలంలో లాక్కున్నవని తేలితే రేపు అమ్మడం కష్టం.

వేలానికి ముందు చూడనిచ్చే రోజున రెండింటినీ వెనక్కి తిప్పమనండి. ఒకే రకం ఫ్రేములో పెట్టేస్తే సంబంధం లేని రెండు చిత్రాలు కూడా జతలాగే కనిపిస్తాయి. కొలతలు, కాన్వాస్ నేత, బల్ల అంచు ఉన్న ఎత్తు, వెలుగు పడే దిక్కు పోల్చండి. అతినీలలోహిత దీపం కింద పాత వార్నిష్ ఆకుపచ్చగా మసకగా వెలుగుతుంది. దానిమీద ఈమధ్య దిద్దిన చోట్లు నల్ల మచ్చల్లా తేలతాయి. ఆకులు నీలంగా ఉంటే కంగారొద్దు. నీలంలో పసుపు కలిపి ఆకుపచ్చ చేసేవారు, వందల ఏళ్ల వెలుతురుకు ఆ పసుపు వెలిసిపోయి నీలమే మిగులుతుంది. వాటిని మళ్లీ పచ్చగా దిద్దించకండి, విలువ పోతుంది.

హైదరాబాద్ తెస్తారా, అక్కడే అమ్మేస్తారా అన్నది ఇప్పుడే తేల్చుకోండి. మన 1972 పురావస్తువుల చట్టం నిర్వచనంలో 100 ఏళ్లు దాటిన చిత్రం పురావస్తువే, దాన్ని ప్రైవేటు వ్యక్తులు ఎగుమతి చేయకూడదు. ఒకసారి తెచ్చారంటే యూరప్ వేలానికి తిరిగి పంపగలమని లెక్క వేసుకోవద్దు. ఇక్కడ అమ్మితే, చిత్రాలు వ్యక్తిగత వస్తువుల మినహాయింపులోకి రావు కాబట్టి, 24 నెలలు దాటాక లాభంపై 12.5 శాతం పన్ను పడుతుంది. ఓక్ పలకమీద వేసినవైతే వేసవి పొడిగాలికీ ఏసీకీ మధ్య పలక వంగి రంగు పొరలుగా లేస్తుంది. అందుకే అమ్మేదుంటే అక్కడే అమ్మండి. రెండూ కలిపి ఒకే లాట్‌గా పెట్టమనండి, విడదీస్తే జతకిచ్చే అదనపు ధర పోతుంది.