టాటా ఎస్టేట్ చాసిస్‌కు తుప్పు: రేకు మీద రేకు వేయిస్తే సరిపోతుందా?

మీరు చెప్పిందాన్ని బట్టి పరిస్థితి ఇదీ. చెన్నైలో సముద్రం ఒడ్డున తిరువాన్మియూర్‌లో ఉన్న 1996 టాటా ఎస్టేట్ కారు. ఎడమవైపు వెనక చక్రం పైన, చాసిస్ (బండిని మోసే అడుగు చట్రం) వంపు తిరిగేచోట బొటనవేలు దూరేంత రంధ్రం. టింకర్ పైనుంచి 5 మి.మీ. ప్లేటు పెట్టి చుట్టూ వెల్డింగు కొట్టి, నల్ల కోటింగు పూసి సాయంత్రానికే ఇచ్చేస్తానంటున్నాడు.

వద్దనండి. ఎస్టేట్ బాడీ విడిగా చాసిస్ మీద కూర్చునే బండి. టాటా వాళ్ల 206 పికప్, సియెర్రా, ఇది ఒకే కుటుంబం. బరువంతా మోసేది ఆ రెండు పొడవాటి పట్టాలే. అవి లోపల డొల్ల కాబట్టి తుప్పు లోపల పుట్టి బయటికి వస్తుంది. మీకు రంధ్రం కనబడిందంటే చుట్టూ ఇంకో జానెడు ఇనుము పల్చబడి ఉంటుందనే అనుకోవాలి. పైన ప్లేటు వేస్తే రెండు రేకుల సందులోకి నీళ్లు పీల్చుకుంటాయి, ఉప్పు ఆ తడిని ఆరనివ్వదు. పైగా వెల్డింగు పట్టుకోడానికి అంచున గట్టి ఇనుము ఉండదు. ఇక పల్చటి పట్టాకు 5 మి.మీ. మందం తగిలిస్తే ఆ ముక్క వంగదు, పక్కది వంగుతుంది. ప్లేటు అంచు వెంబడే చీలిక వస్తుంది. పని పాతదయ్యాక విరిగేది ఎప్పుడూ అక్కడే.

ముందు ఎంత పోయిందో తేల్చుకోండి. అరకిలో బాల్‌పీన్ సుత్తితో పట్టా పొడవునా కొట్టుకుంటూ వెళ్లండి. మంచి ఇనుము ఖంగుమంటుంది, పోయిన చోట మొద్దుగా దబ్బుమంటుంది, పెచ్చులు అప్పడాల్లా రాలతాయి. అడుగున నీళ్లు పోయే రంధ్రాల్లోకి పాత క్లచ్ కేబుల్ తీగ దూర్చి తిప్పండి. పిడికెడు మట్టి, పెచ్చులు రాలాయంటే ఆ రంధ్రం మూసుకుపోయి ఏళ్లయినట్టే. ఫోనుకు తగిలించే ఎండోస్కోప్ కెమెరా ఉంటే లోపల కూడా చూడొచ్చు. తర్వాత మందం: బాగున్న చోట ఒకటి, అనుమానంగా ఉన్న చోట ఒకటి 3 మి.మీ. డ్రిల్లు వేసి, వంచిన తీగ కొక్కెంతో కొలిచి పోల్చండి. నా లెక్కలో పావువంతు మందం తగ్గిన చోటల్లా కోసేయాల్సిందే. వెనక స్ప్రింగు బ్రాకెట్లు, డీజిల్ ట్యాంకు పైన ఉండే అడ్డపట్టా, బాడీ కూర్చునే రబ్బరు బుష్షుల కింది గిన్నెలు, ఈ మూడూ తప్పక చూడండి. ఒకవైపు పోతే రెండోవైపు కూడా మొదలై ఉంటుంది.

ఇంట్లో, మామూలు షెడ్డులో చేయకూడని చోట్లు కూడా ఉన్నాయి. స్టీరింగ్ బాక్స్ బిగించే చోటు, ముందు చక్రాలను పట్టుకునే చేతులు (కంట్రోల్ ఆర్ములు) తిరిగే పిన్నుల చోటు, టార్షన్ బార్ (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీ) వెనక కొస పట్టుకునే అడ్డపట్టా. అక్కడ 2 మి.మీ. తేడా వచ్చినా అలైన్‌మెంట్ ఎప్పటికీ కుదరదు. అక్కడ తుప్పు ఉంటే చెన్నైలో పాత బండి సామాన్లు అమ్మే పుదుపేటలో ఆ భాగం మొత్తం బాగున్న పాత చాసిస్ వెతికించి, జిగ్ (చాసిస్‌ను సరైన కొలతల్లో బిగించి పట్టే చట్రం) ఉన్న వర్క్‌షాపులో మార్పించడం మేలు. సియెర్రాదైతే చక్రాల మధ్య దూరం తేడా ఉండొచ్చు, కాబట్టి ముక్క కొనే ముందు టేపు పెట్టి కొలవండి. టార్షన్ బార్‌కు మాత్రం వేడి తగలనివ్వొద్దు, నిప్పురవ్వ పడనివ్వొద్దు, వెల్డింగు మెషీన్ ఎర్త్ క్లిప్పు అసలు పెట్టొద్దు. అది వేడిచేసి గట్టిపరిచిన స్ప్రింగు ఉక్కు. చిన్న గాటు పడ్డా అక్కడినుంచే తెగుతుంది.

మీ రంధ్రం చక్రం పైన ఉంది కాబట్టి అది చేయగలిగిన పనే. బ్యాటరీ, ఆల్టర్నేటర్ వైర్లు విప్పండి. డీజిల్ ట్యాంకు దించి షెడ్డు బయట పెట్టించండి, ఖాళీ చేశాం కదా అని పక్కన ఉంచొద్దు. బ్రేకు గొట్టాలు, వైరింగు పక్కకు తప్పించాలి. లోపల కార్పెట్, దాని కింది తారు షీటు ఎత్తేయకపోతే కింద వెల్డింగు జరుగుతుంటే పైన పొగ వస్తుంది. తడి గోనెసంచి, ఆర్పే సిలిండరు చేతికందేలా, చూడ్డానికి ఒక మనిషి.

బండిని మట్టం ఉన్న నేల మీద ఆరు స్టాండ్ల మీద కూర్చోబెట్టాలి. బరువు యాక్సిళ్ల కిందా చాసిస్ కిందా పంచుకుని ఉండాలి. జాకీ మీద వేలాడుతుండగా వెల్డ్ చేస్తే ఆ వంకరే శాశ్వతమవుతుంది. మేస్త్రీల తూకం గుండు వేలాడదీసి, చాసిస్ మీద నాలుగు బిందువులు నేల మీద సుద్దతో గుర్తుపెట్టి ఐమూలలు కొలిచి రాసుకోండి. కోసే చోటుకు అటూ ఇటూ దాటేలా 40×40×5 మి.మీ. ఎల్ ఆకారపు యాంగిల్ ముక్కను అక్కడక్కడా చుక్క వెల్డింగుతో అంటించి ఆ తర్వాతే కోత డిస్కు పెట్టండి. ఒకేసారి రెండువైపులా కోయొద్దు. కోశాక వెనక తలుపు తెరిచి మూయండి, సందు మారిందంటే చాసిస్ కుంగింది.

ముక్క కోయడానికి నమూనా కావాలి. పాత శుభలేఖ అట్టకన్నా మంచిది నాకు దొరకలేదు: వంగుతుంది, చిరగదు, కత్తెరకు లొంగుతుంది. కోత మూలలు చతురస్రంగా వదలకండి, 20 మి.మీ. గుండ్రం తిప్పండి, మూల అంటేనే చీలికకు మొదలు. అడుగు అంచును తిన్నగా అడ్డంగా దాటేలా వెల్డింగు రాకూడదు, బరువుకు ఎక్కువ సాగేది ఆ అంచే. ఏటవాలుగా, కలం పాళీ ఆకారంలో కోయండి. రేకు మీ పట్టా మందమే ఉండాలి, ఐఎస్ 2062 ఈ250 రకం మామూలు ఉక్కు చాలు. జింకు పూత ఉన్న జీఐ రేకు వద్దు: జింకు పొగ మంచిది కాదు, వెల్డులో బుడగలూ వస్తాయి. వంపు కావాలంటే చెన్నైలో ఫ్యాక్టరీలుండే అంబత్తూరులో బెండింగు చేసే చోట అట్ట నమూనా ఇచ్చి చేయించుకోండి, సుత్తితో మడిస్తే ఆ వంపు దగ్గర పల్చబడుతుంది.

కోసిన అంచు చుట్టూ 50 మి.మీ. వరకు తెల్లటి ఇనుము కనబడేదాకా ఫ్లాప్ డిస్కుతో గీకండి. లోపల ఉప్పు ఉంటే మంచినీళ్లతో కడిగి బ్లోయర్‌తో ఆరబెట్టాలి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాటితో కడగడం దండగ, మెట్రో వాటర్ వాళ్లు సరఫరా చేసే కుళాయి నీళ్లు వాడండి. 2023 డిసెంబరు చెన్నై వరదలో మునిగిన బండైతే ఈ కడుగుడు రెండుసార్లు.

వెల్డింగు సీఓటూ మెషీన్‌తోనే (కరిగే చోటు చుట్టూ గ్యాసు వదులుతూ వైరుతో వెల్డ్ చేసేది) చేయించండి, 0.8 మి.మీ. వైరు. 3 మి.మీ. రేకుకు 100 నుంచి 130 ఆంపియర్ల మధ్య కుదురుతుంది, కానీ ముందు అదే రేకు తుక్కు ముక్కల మీద వేసి, వైసులో పట్టి వంచి విరగ్గొట్టి చూడాలి. వెల్డు విరిగితే సెట్టింగు తప్పు, రేకు చిరిగితే సరైనది. ముక్కకూ పట్టాకూ మధ్య 1 నుంచి 1.5 మి.మీ. సందు వదిలితే వెల్డు లోపలిదాకా దిగుతుంది. 25 మి.మీ. చొప్పున ఒకచోట, తర్వాత ఎదురుమూల, అలా తిరుగుతూ. చెయ్యి పెట్టగలిగేంత చల్లారాకే మళ్లీ. నీళ్లు పోసి చల్లార్చొద్దు. మన దగ్గర ఇంకో చిక్కు: మధ్యాహ్నం సముద్రపు గాలి లేచిందంటే తెరిచిన షెడ్డులో గ్యాసు కొట్టుకుపోయి వెల్డంతా పుట్టలా బెజ్జాలు పడుతుంది. పొద్దున్నే ముగించండి, లేదా టార్పాలిన్ కట్టండి. గ్యాసు లేకుండా రాడ్డుతో చేస్తానంటే 7018 రకం, తడి తగలని రాడ్డు, విప్పిన ప్యాకెట్టు అయితే ఓవెన్‌లో కాల్చిందే.

ఏదైనా బోల్టు రాకపోతే లాగొద్దు. నట్టును ఎర్రగా కాల్చి కాస్త చల్లారుతుండగా కొవ్వొత్తి తాకించండి, మైనం మరలోకి పాకుతుంది. పక్కన రబ్బరు బుష్షు ఉంటే అది కాలి పోయినట్టే, కొత్తది ముందే తెచ్చుకోండి. కొత్త బోల్టులు 8.8 గ్రేడుకు (తల మీద ఉండే బలం అంకె) తగ్గకూడదు.

రంగు ఆ రోజే పడాలి. రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రటి పొర వచ్చేస్తుంది. రెండు భాగాలు కలిపే ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు, పైన చాసిస్ బ్లాక్. రెడ్ ఆక్సైడ్ ఒక్కటే చాలదు. పనంతా అయ్యాక నాలుగువైపులా చల్లే పొడవాటి గొట్టంతో లోపల మైనం స్ప్రే కొట్టించండి, రెండు పట్టాలకూ కలిపి సుమారు 2 లీటర్లు. ముందే కొడితే వెల్డింగు వేడికి కాలిపోతుంది. ఇంజను పాత ఆయిల్ కొట్టమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. అది రబ్బరును ఉబ్బిస్తుంది, మొదటి వానకు కారిపోతుంది. నీళ్లు పోయే రంధ్రాలు మైనంతో మూసుకుపోకుండా తీగతో తెరవండి. ఈ పనికి తమిళ నెలలు మాసి నుంచి వైకాసి దాకా (ఫిబ్రవరి మధ్య నుంచి జూన్ మధ్య) ఉన్న ఎండలే సరైన కాలం, ఐప్పసి (అక్టోబరు-నవంబరు) వానల్లో పెట్టుకోకండి.

చాసిస్ నంబరు కొట్టిన చోట టేపు వేసి మూసేయండి. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌లో ఆ నంబరు పెన్సిల్ అచ్చు తీస్తారు. గ్రైండరు దాని మీద పడితే మీ వెల్డింగు ఎంత బాగున్నా అనుమానమే. తుప్పు సరిగ్గా అక్కడే ఉంటే కోయకముందే ఆర్టీవోలో అడగాలి.

500 కి.మీ. తిరిగాక టార్చి పట్టుకుని కిందికి వెళ్లి వెల్డు అంచుల వెంబడి రంగు చూడండి. వెంట్రుకంత గోధుమరంగు గీత కనబడితే అది రంగు పగులు కాదు, చీలిక.